వడ్డిస్తూ సంజాయిషీ ఎందుకు?

ఆంధ్రాకీ తెలంగాణకీ బయట ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది. అక్కణ్ణుంచి ఎవరైనా భోజనానికి వస్తే, ఇంకా అన్నం వడ్డించకముందే ఇంటావిడ ఒక మాట అనేస్తుంది: "మాది అసలు తెలుగు వంట కాదండీ, ఏదో ఇక్కడి పద్ధతిలో చేశాం." ఈ మాట హుబ్బళ్ళిలో విన్నాను, బళ్ళారిలో విన్నాను, బెంగళూరులో లెక్కలేనన్నిసార్లు విన్నాను. మొన్న మార్చిలో గంజాం జిల్లా హుమ్మలో మళ్ళీ విన్నాను. ఉప్పు తక్కువైందేమో చూసుకోండి అనడం మర్యాద. వంటే మనది కాదని ఒప్పేసుకోవడం మర్యాద ఎలా అవుతుంది? నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. ఈ సంజాయిషీ మనం మానెయ్యాలి. చూడటానికి వినయంలా ఉంటుంది గానీ, అది మన పిల్లల నోట్లోంచి తెలుగుని మెల్లగా తీసేస్తుంది. హుమ్మ చుట్టుపక్కల రెండు రోజుల్లో నలుగురం కలిసి తిన్న నాలుగు భోజనాలతో ఈ సంగతి వివరిస్తాను.

ముందు నా సంగతి, కొత్తగా చదివేవాళ్ళ కోసం. మా తాతగారిది బరంపురం. నాన్నగారి రైల్వే ఉద్యోగంతో మేం హుబ్బళ్ళి చేరాం. 10వ తరగతి దాకా నా చదువంతా కన్నడ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష, అంతే. అక్షరాలు ఇరవై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను. కన్నడ చదివినవాళ్ళకి అదేమంత కష్టం కాదు లెండి, రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం. మా పనిలో ఒక నియమం ఉంది. ఏదైనా తప్పు అని రాయాలంటే, అది ఎలా ఉండాలో ఎక్కడ రాసుందో ముందు చూపించాలి. రాసిన కాగితం లేకుండా బగ్ అంటే ఎవరూ ఒప్పుకోరు. వంట విషయంలోనూ నేను అడిగేది అదే ప్రశ్న. "అసలు తెలుగు వంట" అని ఒకటి ఎక్కడ రాసుంది? ఎవరు రాశారు?

శుక్రవారం రాత్రి నలుగురం భువనేశ్వర్‌లో దిగాం. ఒకమ్మాయిది గుంటూరు, ఒకబ్బాయిది కరీంనగర్, ఇంకో అబ్బాయిది కటక్, నాలుగో మనిషిని నేను. అందరం ఒకే ఆఫీసు. చిలికా చూడాలన్నది వాళ్ళ కోరిక. హుమ్మలో మా పెద్దమ్మ ఇంట్లోనే ఉండాలన్నది నా షరతు. శనివారం పొద్దున్నే కారులో బయల్దేరి, 16వ నంబరు జాతీయ రహదారి మీద బాలుగావ్, రంభ దాటి హుమ్మ చేరాం. రైల్లో వచ్చేవాళ్ళకైతే హౌరా-చెన్నై లైనులో రంభకీ గంజాం ఊరికీ మధ్య వచ్చే చిన్న స్టేషను అది.

హుమ్మ అంటే ఉప్పు. సముద్రం వైపు చూస్తే చదరాలు చదరాలుగా ఉప్పు మడులు కనిపిస్తాయి. మార్చి కాబట్టి పని జోరుగా ఉంది. ఉప్పునీళ్ళని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్ళిస్తూ ఎండకి చిక్కబడనిస్తారు. ఆఖరి మడిలో గింజ కట్టాక పొడుగు కర్రకి బిగించిన పలకతో గట్టు మీదకి లాగి కుప్పలు పోస్తారు. వానాకాలం వచ్చిందంటే ఆ ఏటికి పని కట్టేసినట్టే. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఈ ఊళ్ళో కూడా జనం చట్టాన్ని కాదని ఉప్పు తీశారు. మా పెద్దనాన్నగారు ఈ కొటార్లలోనే లెక్కలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పెద్దమ్మ వాళ్ళది అక్కడ మూడో తరం.

మొదటి భోజనం శనివారం మధ్యాహ్నం. పెద్దమ్మ పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉన్నట్టుంది. అరటికాయ ఆవపెట్టిన కూర, బూడిదగుమ్మడి వడియాలు, రొయ్యల ఇగురు, పెరుగు. అన్నిటికంటే ముందు ఒక పప్పు. కందిపప్పులో పచ్చి అరటికాయ, బొప్పాయి కాయ, గుమ్మడి, వంకాయ ముక్కలు వేసి ఉడికించి, దించేముందు వేయించిన జీలకర్ర, ఎండుమిరపకాయల పొడి చల్లి, పైన కొబ్బరి కోరు. మా ఇంట్లో దాన్ని ముక్కలపప్పు అంటాం. తాతగారు హుబ్బళ్ళికి మా దగ్గరికి వచ్చినప్పుడల్లా అమ్మ చేత చేయించుకునేవారు.

గుంటూరమ్మాయి రెండోసారి వేయించుకుని తింటూ అంది: "భలే ఉంది పెద్దమ్మా! కానీ ఇది పప్పు కాదు కదా, దాల్మా. మావైపు పప్పులో ఇన్ని ముక్కలు వెయ్యరు." తప్పుగా అనలేదు. నచ్చింది కాబట్టే అంది. ఆ పిల్ల మనసు నాకు తెలుసు. కానీ పెద్దమ్మ చెయ్యి గరిటె మీద ఆగింది. "ఏటి సెప్పమంటావమ్మా, మాది సరైన తెలుగు వంట కాదు. ఒడియావోళ్ళ మజ్జిన ఉండిపోనాం. మా మాటా అంతే, వంటా అంతే. సరిపెట్టుకుని తినీయండి" అంది.

పక్కన కూర్చుని తింటున్న పెద్దమ్మ మనవరాలికి తొమ్మిదేళ్ళు. బడిలో ఒడియా మీడియం. అప్పటిదాకా "నాన్నమ్మా, నాకు వడియం", "నాన్నమ్మా, కూసింత పప్పు" అంటూ గలగలా అడుగుతోంది. ఈ మాట విన్నాక ఒకసారి నాన్నమ్మ మొహం చూసింది, ఒకసారి మా మొహాలు చూసింది. తర్వాత కంచం ముందుకు జరిపి "ఆఉ టికే" అంది. ఒడియాలో "ఇంకొంచెం" అని. ఆ పూటంతా ఆ పిల్ల మళ్ళీ తెలుగు మాట్లాడలేదు. నాతో హిందీ, కటక్ అబ్బాయితో ఒడియా, నాన్నమ్మతో తల ఊపడం.

నన్ను ఈ వ్యాసం రాయించింది ఆ రెండు ముక్కలే. పిల్లలు చాలా తెలివైనవాళ్ళు. ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మన భాష, మన వంట "సరైనవి కావు" అని నాన్నమ్మే ఒప్పుకుంటే, బయటివాళ్ళ ముందు వాటిని బయటపెట్టకూడదని పిల్లకి అర్థమైపోతుంది. సరైనది కానిదాన్ని దాచుకుంటారు గానీ ముద్దుగా వాడుకోరు కదా. ఒక ఇంట్లో తెలుగు పోయేది పిల్ల ఒడియా బడికి వెళ్ళినందుకు కాదని నేను గట్టిగా నమ్ముతాను. కన్నడ బడిలో పదేళ్ళు చదివి నేనే ఈ వ్యాసం తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు తమ తెలుగుకి తామే మార్కులు తగ్గించుకున్నప్పుడు పోతుంది.

రెండో భోజనం అదే రాత్రి రంభలో. సాయంత్రం పడవలో చిలికా మీద తిరిగాం. రంభ దగ్గర బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అని ఒక చిన్న దీవి ఉంది, దాని మీద ఖల్లికోట రాజావారు కట్టించిన పాత బంగళా శిథిలాలు ఉన్నాయి. దానికి స్థానికంగా సంకుడ అనే పేరుంది. పర్యాటకులకి మాత్రం బ్రేక్‌ఫాస్ట్ ఐలాండే. ఎక్కడినుంచో వచ్చి పొద్దున్న ఫలహారం తిన్నవాళ్ళ మాట దీవికి పేరైపోయింది. ఆ ఫలహారం ఏమిటో, వండినవాళ్ళు దాన్ని ఏమనేవారో ఎవరూ రాసిపెట్టలేదు. పేర్లు ఇలాగే పోతాయి.

ఒడ్డుకి వచ్చాక రోడ్డు పక్క హోటల్లో పీతల కూర, రొయ్యల వేపుడు తిన్నాం. హోటలాయన కంచాలు పెడుతూ "ఇది చిలికా చింగుడి, ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు" అన్నాడు. ఆయన కూరలో ఆవనూనె వాసన గుప్పుమంది. కరీంనగర్ అబ్బాయికి ఆ వాసన కొత్త, మొదటి ముద్దకి కళ్ళు నీళ్ళు తిరిగాయి. అయినా హోటలాయన "మాది హైదరాబాదు పద్ధతి కాదండీ, ఏమనుకోకండి" అనలేదు. ఎందుకంటాడు? ఆయన వంట ఆయన ఊరిది. నేను అడిగేది ఇదే. రంభలో హోటలాయనకి ఉన్న ధీమా, పది కిలోమీటర్ల అవతల హుమ్మలో మూడు తరాలుగా ఉన్న మా పెద్దమ్మకి ఎందుకు లేదు?

ఒక కారణం నాకు తోస్తుంది. మనల్ని మనం "వలస వచ్చినవాళ్ళం" అనుకుంటాం. ఇల్లు ఇక్కడ, అసలు ఊరు ఎక్కడో. అసలు వంట, అసలు భాష అక్కడ. మనది నకలు. గంజాం విషయంలో ఈ లెక్కే తప్పు. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ రోజు ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడితే, జిల్లాలో ఎక్కువ భాగం అటు వెళ్ళింది. దక్షిణాన తెలుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో అక్కడే శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంటే ఇక్కడి చాలా తెలుగు కుటుంబాలు ఎక్కడికీ కదల్లేదు, కదిలింది సరిహద్దు. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే. బరంపురం పట్టు నేసే వీధుల్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడే నేతవాళ్ళ ఇళ్ళున్నాయి. వీళ్ళ వంట దేనికి నకలు?

సరే, మా నాన్నగారిలా నిజంగానే ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ మాటేమిటి? హుబ్బళ్ళిలో మా అమ్మ జొన్నరొట్టె నేర్చుకుంది, దానిలోకి గోంగూర పచ్చడి వేస్తుంది. అది ధార్వాడ వంటా, శ్రీకాకుళం వంటా? అది మా ఇంటి వంట. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి కూరగాయ, ఆ ఊరి నూనె, ఆ ఊరి పొడి వంటింట్లోకి వస్తాయి. గుంటూరు కారం మాత్రం ఎక్కడిది? మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో ఈ దేశానికి వచ్చింది. అంతకు ముందు మన కూరల్లో ఘాటు మిరియాలది. ఈ మాట గుంటూరమ్మాయితో కారులో అంటే, "అది మాత్రం ఒప్పుకోను" అని నవ్వేసింది.

మూడో భోజనం ఆదివారం పొద్దున. ఇది గుర్తుండిపోయే భోజనం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి కుండలో ఉంచింది పెద్దమ్మ. పొద్దున్న దాంట్లో పెరుగు, ఉప్పు, నలిపిన పచ్చిమిర్చి, నిమ్మాకు తుంపి వేసింది. పక్కన కాల్చిన వంకాయ పచ్చడి, వేయించిన ఎండుచేప, ఉల్లిపాయ. కటక్ అబ్బాయి చూడగానే "పఖాళ!" అని చిన్నపిల్లాడిలా కేకేశాడు. ఒడిశాలో మార్చి 20న పఖాళ దినోత్సవం అని చేసుకుంటారు, వాళ్ళకి అది అంత ముద్దు. కరీంనగర్ అబ్బాయి "మా నాయనమ్మ సద్దన్నం అంటది. పొలానికి పట్టుకుపోయేదాన్నీ సద్దే అంటరు" అన్నాడు. నాకు కన్నడ బడిలో స్నేహితుల ఇళ్ళల్లో విన్న తంగళన్న గుర్తొచ్చింది.

అప్పుడు గుంటూరమ్మాయి మంచి పని చేసింది. అడగమని ఎవరూ చెప్పలేదు. కుండలో నీళ్ళు చూపించి, "ఈ పుల్లటి నీళ్ళని మీరేమంటారు పెద్దమ్మా?" అని అడిగింది. పెద్దమ్మ మొహమాటంగా నవ్వి ఊరుకుంది. జవాబు మనవరాలు చెప్పింది: "తరవాణి." అంతటితో ఆగలేదు. "నిన్నటి కుండ కడగకూడదు. అడుగున కూసింత నీరు ఉంచి మీద కొత్త గంజి పొయ్యాల. అప్పుడే పులుస్తాది" అని పాఠం చెప్పింది. గుంటూరమ్మాయి ఆ మాట ఎప్పుడూ వినలేదట. ఫోన్ తీసి రాసుకుంది. "నాకు తెలీని తెలుగు మాట నీకు తెలుసే" అంది పిల్లతో. ఇంక చూడాలి. వంకాయ ఎలా కాల్చాలి, ఎండుచేప ఎవరి దగ్గర కొనాలి, రాగుల్ని తాము చోళ్ళు అంటామని, ఒడియాలో మాండియా అంటారని, అన్నీ ఆ పిల్లే చెప్పింది. అంతా తెలుగులోనే.

తరవాణి మంచి పాత తెలుగు మాట. గోదావరి జిల్లాల్లోనూ ఉత్తరాంధ్రలోనూ పెద్దవాళ్ళకి బాగా తెలుసు. చాలా చోట్ల ఫ్రిజ్‌లు వచ్చాక కుండా పోయింది, మాటా పోయింది. హుమ్మలో మాత్రం కుండ ఉంది కాబట్టి మాటా ఉంది. చుట్టూ ఉన్న ఒడియా ఇళ్ళల్లో పఖాళ నిత్యం తినే తిండి కావడం వల్లే మా పెద్దమ్మ ఇంట్లో తరవాణి కుండ బతికిందని నా ఊహ. పక్క భాషవాళ్ళ సహవాసం మన తెలుగుని చెడగొట్టిందని ఏడుస్తాం గానీ, ఒక్కోసారి కాపాడింది కూడా అదే. ఆవపెట్టిన కూరా అంతే. ఒడియావాళ్ళు ఆవ నూరి చేసే బేసర పక్కింట్లో ఉడుకుతుంటే, మనింట్లో ఆవ నూరడం ఎవరు మానేస్తారు?

ఈ సందర్భంలో ఒక పెద్దాయన పేరు చెప్పకపోతే బాగుండదు. గిడుగు వెంకట రామమూర్తి గారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా చేశారు. ఆ ఊరు అప్పట్లో గంజాం జిల్లా, ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా. పండితులు గ్రాంథికమే అసలు తెలుగు అంటుంటే, జనం నోట్లో ఆడుతున్నదే అసలు తెలుగు, బడిలోనూ అదే ఉండాలి అని జీవితమంతా వాదించారు. సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29నే ఇవాళ తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఒక్కసారి ఆలోచించండి. ఈ నేల మీద, నాలుగు భాషల మధ్య పాఠం చెప్పిన పంతులుగారు "మాట్లాడే తెలుగుకి సిగ్గుపడొద్దు" అని మొత్తం తెలుగువాళ్ళకే నేర్పారు. అదే నేల మీద మా పెద్దమ్మ తన తెలుగుకి సంజాయిషీ చెప్తోంది. ఎంత తలకిందులైన సంగతి!

ఇక ఎదురు ప్రశ్నలకి వస్తాను. మన బంధువుల్లోనే ఒకరిద్దరు ఫోన్లో అడిగారు కూడా. "అలాగైతే ఏది చేసినా తెలుగు వంటే అంటావా? ఒక పద్ధతి, ఒక కొలత అక్కర్లేదా? ఇలాగే వదిలేస్తే రేపు ఏమీ మిగలదు" అని. ఇది తీసిపారేసే మాట కాదు. గుంటూరువాళ్ళు ఆవకాయకి ఒక లెక్క ఉందంటే నేను గౌరవిస్తాను. ఆవపిండి లేకుండా మామిడికాయ ముక్కల్లో కారం కలిపి ఆవకాయ అంటే నేనూ ఒప్పుకోను, ఆ పేరులోనే ఆవ ఉంది. పేరుకి తగ్గట్టు వంట ఉండాలి. అందుకే అంటున్నాను, మా ముక్కలపప్పుని గుంటూరు పప్పుతో పోల్చి తక్కువ చెయ్యొద్దు, దాల్మా అని ఒడియావాళ్ళకి అప్పగించేయనూ వద్దు. పక్కన పెట్టి చూస్తే దాల్మాకి చాలా దగ్గర, నిజమే. దాల్మా వాళ్ళ మాట, వాళ్ళ గర్వం. ముక్కలపప్పు మా మాట. రెండూ ఒకే వీధిలో పెరిగాయి. రెండు పేర్లూ ఉండనివ్వండి.

కొలత ఎక్కడ కావాలో హుమ్మ ఉప్పే చెప్తుంది. తినే ఉప్పులో అయోడిన్ ఉండి తీరాలని 2006 నుంచి దేశమంతా నియమం ఉంది. అయోడిన్ కలపని ఉప్పుని నేరుగా తినడానికి అమ్మకూడదు. హుమ్మ లాంటి చోట్ల చిన్న ఉత్పత్తిదారులకి అది బరువే, కలిపే యంత్రం, సంచి, పరీక్ష, అన్నిటికీ ఖర్చే. అయినా ఆ నియమం సరైనదే. అయోడిన్ తక్కువైతే గొంతు వాస్తుంది, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అక్కడ ఊరికో పద్ధతి కుదరదు. టెస్టర్‌గా నేను దానికి గట్టిగా ఓటేస్తాను. కానీ ఉప్పులో ఏముండాలన్న నియమాన్ని కూర ఎలా ఉండాలన్న దాకా సాగదీస్తే ఎలా? కూర ఒక ఊళ్ళో ఒకలా ఉంటే ఎవరి ఆరోగ్యం చెడిపోతుంది? ఆ ఉప్పుకే చూడండి ఎన్ని పేర్లో. పెద్దమ్మ గళ్ళుప్పు అంది, గుంటూరమ్మాయి రాళ్ళుప్పు అంది, నేను కన్నడ అలవాటులో కల్లుప్పు అన్నాను. ముగ్గురం చూపించింది ఒకే డబ్బా.

నాలుగో భోజనం ఆదివారం మధ్యాహ్నం బరంపురంలో, హుమ్మ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ఒక మెస్సులో అన్నం తిని ఊరగాయల అంగళ్ళకి వెళ్ళాం. బరంపురం అంటే ఒడిశా అంతటా ఊరగాయలకీ అప్పడాలకీ పేరు. అప్పడాన్ని వాళ్ళు పాంపడ అంటారు. అంగడిలో ఒకామె ఒడియాలో బేరమాడుతూ, వెనక్కి తిరిగి కొడుకుతో తెలుగులో లెక్క చెప్పి, మాతో హిందీ అందుకుంది. ఏ భాషలోనూ తడబడలేదు. అక్కడే కరీంనగర్ అబ్బాయికి ఒక సంగతి చెప్పాను. పెళ్ళిళ్ళలో బిర్యానీ మీద, మిఠాయిల మీద చల్లే కేవ్డా అంటే మన మొగలి పువ్వు అత్తరే. దేశంలో వాడే కేవ్డాలో చాలా భాగం ఈ గంజాం జిల్లా తీరం నుంచే వెళ్తుంది. గంజాం కేవ్డాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "అంటే మా బిర్యానీ వాసన మీ ఊరిదా?" అని నోరెళ్ళబెట్టాడు. అలా అంచున ఉన్న ఊళ్ళు నడిమధ్య ఊళ్ళకి ఎన్నో పంపిస్తూనే ఉంటాయి. సంజాయిషీ మాత్రం అంచున ఉన్నవాళ్ళే చెప్పుకోవాలా?

అందుకని మన కుటుంబాలకి నా వైపు నుంచి కొన్ని మాటలు.

వడ్డించేవాళ్ళకి: ఉప్పు, కారం గురించి అడగండి, మొహమాటం లేకుండా మారు వడ్డించండి. "మాది సరైనది కాదు" అనే మాట మాత్రం పిల్లల ముందు అననే వద్దు. దాని బదులు "మా ఇంట్లో ఇలా చేస్తాం" అనండి. మాట చిన్నదే, పిల్ల మనసులో పడే ముద్ర వేరు.

అతిథిగా వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా ఆంధ్రా, తెలంగాణ నుంచి వచ్చే స్నేహితులకి: "మావైపు ఇలా కాదు" అని మొదలుపెట్టకుండా, "దీన్ని మీరేమంటారు?" అని అడగండి. ఆదివారం పొద్దున ఆ ఒక్క ప్రశ్న చేసిన పని నా కళ్ళతో చూశాను. మీరు అసలు ఊరి నుంచి వచ్చినవాళ్ళని వీళ్ళు అనుకుంటున్నారు. మీ నోటి నుంచి వచ్చే మెచ్చుకోలుకీ, తూకానికీ చాలా బరువుంటుంది.

వీకెండ్‌కి స్నేహితులతో తిరిగే నా వయసువాళ్ళకి: రిసార్టులో బఫే అన్ని ఊళ్ళల్లో ఒకేలా ఉంటుంది. దారిలో మన పెద్దమ్మో, మేనత్తో, నాన్నగారి పాత స్నేహితుడో ఉంటే ఒక పూట వాళ్ళింట్లో తినండి. ఊరికే వెళ్ళి కూర్చోకండి. ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, కూరగాయలు, పళ్ళు పట్టుకెళ్ళండి, గిన్నెలు కడగండి. పెద్దవాళ్ళకి నలుగురికి వండటం శ్రమే.

చివరిగా మన ఈ కుటుంబ పేజీకి. ఇప్పటిదాకా మనం పెళ్ళి ఫొటోలు, వంశవృక్షం, తాతల ఉద్యోగాలు పెట్టాం. ఇక మీద వంటలు కూడా పెడదాం, కానీ ఒక షరతు మీద. ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు రాయాలి. పుస్తకంలో ఉన్న పేరుకి దిద్దకూడదు. చుట్టుపక్కల భాషలో దాన్ని ఏమంటారో పక్కనే రాయాలి. ఎవరు చేసేవారో, ఏ ఊళ్ళోనో ఉండాలి. వీలైతే పిల్లల చేత చెప్పించి రాయాలి, వాళ్ళు పలికినట్టే. మొదటిది నేను రాసి పంపుతున్నాను: "తరవాణి. హుమ్మ, పెద్దమ్మగారి ఇల్లు. ఒడియాలో దీనితో తినే అన్నం పఖాళ, కన్నడలో తంగళన్న. కుండ కడగకూడదు. చెప్పినది: మనవరాలు, 9 ఏళ్ళు." రెండోది మీ ఇంటి నుంచి రావాలి. బళ్ళారివాళ్ళు, ఖరగ్‌పూర్‌వాళ్ళు, రాయ్‌పూర్‌వాళ్ళు, చెన్నైవాళ్ళు, అందరూ పంపండి. మీ వంట మాకు కొత్తగా అనిపిస్తుందేమోనని వెనకాడొద్దు. కొత్తగా అనిపించిందే ముందు పంపండి.